జేబులో వెయ్యి, ఎదురుగా వైజాగు!

హీరోగారికి వైజాగులో షూటింగంటే విమానం, కారు, సముద్రం కనబడే గది! మరి మనకో? భుజాన సంచి, జేబులో వెయ్యి రూపాయలు! అయితేనేం, ఆయన చూసే సముద్రమే మనమూ చూడొచ్చు. నమ్మకం లేదా? నాతో ఒక్కరోజు తిరిగి చూడండి.

రానూపోనూ రైలు టిక్కెట్లు ముందే కొనేశాను. తెల్లవారుజామున దిగి, స్టేషన్లోనే స్నానం కానిచ్చి, సంచి క్లోక్‌రూములో పెట్టి రామకృష్ణా బీచికి చేరాను. తూర్పు తీరం కదా, సూర్యుడు నీళ్లలోంచే లేస్తాడు. టిక్కెట్టు లేని మొదటి ఆట! పక్కనే బండి మీద వేడి వేడి ఇడ్లీ. టిఫినూ అయింది.

ఇక అసలు సంగతి. భీమిలి! 1978లో బాలచందర్ 'మరోచరిత్ర' తీసిన చోటు. కమలహాసన్, సరిత జంటగా వచ్చిన ఆ నలుపు తెలుపు చిత్రాన్ని తమిళనాట కూడా డబ్బింగు లేకుండా తెలుగులోనే చూశారు మరి! సిటీ బస్సెక్కితే బీచ్ రోడ్డు మీదుగా తీసుకుపోతుంది. కుడివైపు కిటికీ వదలకండి. దారి పొడుగునా సముద్రం మీతోనే వస్తుంది. మధ్యలో తొట్లకొండ దగ్గర దిగి కొండెక్కితే పాతకాలపు బౌద్ధారామం. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే దానికా పేరు.

గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు భీమిలి. అక్కడ నాలోని హీరో నిద్రలేచాడు! ప్యాంటు మడిచి, సముద్రానికి వీపు పెట్టి, ఫోటోకి ఫోజిచ్చాను. అంతే, కాళ్ల కింద ఇసుక జారిపోయింది. వెనకనించి వచ్చిన కెరటం పడేసి లోపలికి ఈడ్చింది. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన పరుగున వచ్చి చొక్కా పట్టుకు లాగకపోతే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

"సినిమాలో సముద్రం తెర దాటి రాదు బాబూ. ఇదొస్తాది!" అన్నాడాయన. టీ ఇప్పిస్తానంటే నవ్వి, మళ్లీ వల ముందు కూర్చున్నాడు.

సాయంత్రం తడి ఆరని చొక్కాతోనే కురుసుర జలాంతర్గామి చూశాను. 1969లో నౌకాదళంలో చేరి, 2001 దాకా పనిచేసి, 2002 నించి మ్యూజియంగా ఒడ్డున విశ్రాంతి తీసుకుంటోంది. ఆ ఇరుకు మంచాలు చూస్తే మన రైలు బెర్తు రాజభోగమే! ఆ తర్వాత ఇసుకలో కూర్చుని మురీ మిక్చరు.

రాత్రి రైలెక్కేసరికి వెయ్యిలో ఇంకా కొన్ని నోట్లు మిగిలాయి, ఉప్పునీళ్లలో నానినవి!

మీరూ వెళ్లండి, డబ్బు తక్కువని ఆగకండి. కానీ ఒక్కమాట. సముద్రానికి మాత్రం వీపు చూపించకండి. అక్కడ డూపులుండరు!