నీ పేరే, నాయనా
మాది హిందూపురము. నా యెనిమిదేండ్ల కుమారునకు మస్తిష్క పక్షవాతము, నడక లేదు. ‘నిరామయ’ ఆరోగ్యబీమాకు దరఖాస్తు నింప గూర్చుంటిని. వైకల్యమను గడియొద్ద కలము నిలిచిపోయినది. సదరం ధ్రువపత్రము వైద్యులు వ్రాసినది. ఇది కన్నతల్లి తన చేతితో వ్రాయవలసినది!

“ఏం రాస్తాండావమ్మా?” యని వాడడిగెను.

“నీ పేరే, నాయనా” యంటిని. వాడు నవ్వెను. నేను గడి నింపితిని.

1999 నాటి చట్టముచే నేర్పడిన నేషనల్ ట్రస్టువారి యీ పథకమున, ముందుగా వైద్యపరీక్ష లేకయే, ఏటికి లక్షరూపాయలవరకు చికిత్సకు ఆసరా కలదు. వ్యాయామచికిత్సయు నందు చేరును. ఆటిజము, బుద్ధిమాంద్యము, బహువైకల్యము గలవారును అర్హులే. ఏటేట పునరుద్ధరించుకొనుట మరువరాదు.

తల్లులారా, మనము దాచిన బాధ బిడ్డకే బరువగును. సంకోచింపక వ్రాయుడు.