నల్లరేగడినుండి నల్లరేగడికి

గత వేసవి సెలవులలో మా కుటుంబమువారము ఏడుగురము అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున నున్న మా పెదనాన్నగారి యింట నలువది దినములు గడిపితిమి. తాతగారు, నాయనమ్మ, మేనత్త, తలిదండ్రులు, అన్నదమ్ములము మేమిద్దఱము. దేశాంతరయాత్రను గూర్చి వ్రాయువారు సామాన్యముగా ఎత్తైన మేడలను, విశాలమైన బాటలను వర్ణింతురు. అవియును మేము చూచితిమి. కాని మా యింట ఈ ప్రయాణమునకు వేఱొక కారణ ముండెను. దానినే యిచ్చట విన్నవింపదలచితిమి.

ప్రత్తిపాడు ప్రాంతమున తాతగారికి ఐదెకరముల నల్లరేగడి కలదు. అందు ఒక యేడు ప్రత్తి, ఒక యేడు మిరప పండింతురు. 1987లో గుంటూరు, ప్రకాశము జిల్లాలలో తెల్లదోమ ప్రత్తిని నాశనము చేయగా పెక్కు కుటుంబములు అప్పులపాలైనవి. మా కుటుంబమును అందొకటి. పెద్దకుమారుడు నాగలి పట్టరాదని తాతగారు ఆనాడే నిశ్చయించి, అప్పు తీరకమునుపే అతనిని పట్టణమునకు చదువునకు పంపిరి. ఆయన 1998లో అమెరికా చేరి అచ్చటనే స్థిరపడిరి. ఇప్పుడాయన, "నాన్నగారూ! డెబ్బదియెనిమిదేండ్లు వచ్చినవి. భూమి అమ్మివేసి అమ్మతో గూడ మాయొద్దనే యుండుడు" అని ప్రతివారము ఫోనులో కోరుచుండిరి. తాతగారు, "చూడని యూరిని గూర్చి మాట యెట్లిత్తును? చూచి చెప్పెదను" అనిరి. మా ప్రయాణమునకు అదియే కారణము.

హైదరాబాదులోని అమెరికా కాన్సులేటులో వీసాలు లభించిన పిదప నాయనమ్మ మూటలు కట్ట నారంభించెను. గోంగూర పచ్చడి, సున్నుండలు, ఐదు కిలోల కారము సిద్ధమైనవి. అనుమతిపత్రము లేక విత్తనములు ఆ దేశమునకు గొనిపోరాదని తెలిసి, ఆమె చీరకొంగున కట్టుకొన్న గోంగూర విత్తులను విప్పి అత్తకిచ్చినది. మిరప మొదట అమెరికా ఖండపు పంటయే. పదునాఱవ శతాబ్దమున పోర్చుగీసువారి మూలమున మనదేశమునకు వచ్చినది. దానిని మనము కారముగా దంచి తిరిగి దాని పుట్టింటికి మోసికొనిపోవుచున్నామని నాన్నగారు నవ్విరి.

దుబాయిలో విమానము మాఱిన తరువాత పదునాఱు గంటలు ఆకాశమున కూర్చుండవలసి వచ్చెను. తాతగారి కాళ్లు వాచినవి. అప్పుడు నాన్నగారు ఫాదర్ హయ్యరుగారి కథ చెప్పిరి. అమెరికాలో ఓడ యెక్కి నెలల తరబడి సముద్రముపై పయనించి 1842 జూలై 31వ తేదీన గుంటూరు చేరిన ఆ మిషనరీ, అమెరికాకు మఱలిపోయినను, 1869లో డెబ్బదియాఱేండ్ల ప్రాయమున మఱల తెలుగునాటికి వచ్చెను. తాతగారు విని, "ఆయనకు ఇచ్చట పనియుండెను గదా!" అని మాత్రమనిరి. ఆ మాట యర్థము అప్పుడు మాకు తెలియలేదు.

పెదనాన్నగారి యిల్లు డాలసు నగరమునకు ఉత్తరమున ఫ్రిస్కోలో నున్నది. మఱునాటి యుదయమున తాతగారు పెరటిలోనికి పోయి, గోడవెంట పఱచిన చిల్లుల రబ్బరుగొట్టమునుండి నీరు కారుచుండుట చూచి, చెట్టులేనిచోట నీరెందుకని యడిగిరి. అది యింటికి పెట్టు నీరని పెదనాన్నగారు చెప్పిరి. అచ్చటి నేలయు నల్లరేగడియే. టెక్సాసు ఉత్తరపు సరిహద్దు సమీపమునుండి శాన్ ఆంటోనియో దిక్కుగా సాగు ఆ భూమిని బ్లాక్‌లాండ్ ప్రెయరీ యందురు. వానకు ఉబ్బి, ఎండకు కుంచించి బీటలువాఱుట దాని స్వభావము. నేల కదలినచో పునాది పగులును గావున వేసవిలో దానిని తడుపుచుందురు. ఆ ప్రదేశమంతయు ఒకప్పుడు ప్రత్తిచేలే. డాలసు ప్రత్తి వ్యాపారముతో పెరిగిన నగరము. తాతగారు మట్టిని చేతికెత్తి నలిపి, "మన చేనే! ఎంతదూరము వచ్చినను దీనిపైననే పడితిమి" అనిరి. ఆ దినమునుండి గోడకు నీరు పెట్టు పని తమదే యని పట్టుపట్టి చేసిరి.

ఆ యింట అదితప్ప ఆయనకు వేఱు పని లేకపోయెను. పెదనాన్నగారు, పెద్దమ్మ ఉదయమున కొలువులకు పోయి సాయంకాలమునకు తిరిగివచ్చెడివారు. కారు నడుపనేరనివారికి అంగడికి పోవుటయు దుర్లభము. సాయంకాలము ఉద్యానవనమున గుంటూరు, కృష్ణా, ప్రకాశము జిల్లాలనుండి వచ్చిన పెద్దలు పదిమంది కూడెడివారు. వారి మాటలన్నియు మిర్చియార్డు ధరలు, ఊరి వానలు. ఒకరు మాత్రము మౌనముగా నుండెడివారు. ఆయన పొలమమ్మి వచ్చెనని తరువాత తెలిసినది.

నాయనమ్మ స్థితి వేఱు. పెదనాన్నగారి కుమార్తె, మా అక్క, నిండు గర్భిణి, ఆగష్టులో పురుడు. అక్క ఇంగ్లీషులో అడుగును, నాయనమ్మ తెలుగులో చెప్పును. నెల తిరుగకమున్నే అక్క తెలుగులోనే అడుగసాగెను. వంటయిల్లు క్రమముగా నాయనమ్మ చేతికి వచ్చెను.

మే నెల కడపట పెదనాన్నగారు మమ్ము లబ్బాకు తీసికొనిపోయిరి. అది డాలసునకు పడమట ఐదువందల కిలోమీటర్లకు పైగా దూరము. అమెరికాలో ప్రత్తి మిక్కిలిగా పండు రాష్ట్రము టెక్సాసు. అందును లబ్బాకు చుట్టునున్న మైదానము ముఖ్యము. కనుచూపుమేర చాళ్లు, నడుమ ఒక్క ట్రాక్టరు, దానిపై ఒక్క మనుష్యుడు. "ప్రత్తి తీయు ఆడువా రెక్కడ?" అని అత్త అడిగెను. శరత్కాలమున యంత్రములే తీయునని పెదనాన్నగారు చెప్పిరి. మన యూర ఆ పని కూలివలన ఎన్ని యిండ్ల పొయ్యిలు వెలుగునో అత్త యెఱుగును. ఆమె మఱి మాటాడలేదు. ఆ చేలకు ఒగల్లాల యను భూగర్భజలమే ఆధారము. అదియు ఏటేట తగ్గుచున్నది. "మన బోరుల గతియే వీరికిని పట్టినది" యని తాతగారు నిట్టూర్చిరి.

తిరుగుప్రయాణమునకు నాలుగు దినములు ముందు పెదనాన్నగారు మఱల అడిగిరి. తాతగారు మెల్లగా నిట్లనిరి: "అబ్బాయీ! నీవు పుట్టిన ఆసుపత్రి పెట్టిన కుగ్లరు దొరసాని ఈ దేశమునుండి 1883లో వచ్చి, 1930లో గుంటూరులోనే కన్ను మూసినది. పని యున్నచోటనే ఆమె యుండెను. మీ అమ్మకు ఇచ్చట పని యున్నది; ఉండనిమ్ము. నాకు పని అచ్చట నున్నది. ఆ భూమి నిన్ను బంపినది, దానిని నేనమ్మలేను. నా తరువాత మీ అన్నదమ్ము లిరువురును ఆలోచించుకొనుడు." పెదనాన్నగారి కన్నులు చెమ్మగిల్లినవి. "ఇచ్చట మిమ్ము చూచుకొనుట నా పని కాదా, నాన్నగారూ?" అనిరి. తాతగారు వారి భుజముపై చేయి వైచిరే కాని బదులు చెప్పలేదు. ఆ ప్రశ్నకు మా యింట నేటికిని సమాధానము లేదు.

యాబదియైదేండ్లుగా ఒకరి నొకరు విడిచి యుండని వారిరువురు విమానాశ్రయమున ఎక్కువ మాటాడలేదు. "మాత్రలు మఱువకుడు" అని నాయనమ్మ యనెను. "చలికి జాగ్రత్త" యని తాతగారనిరి. మృగశిర కార్తె ప్రవేశించునప్పటికి మేము ఊరు చేరితిమి. తొలకరి పడిన మూడవనాడు తాతగారు ప్రత్తి వేయించిరి.

పరదేశమున బంధువు లున్నవారు మనలో ననేకులు. అచ్చటివారు పెద్దలకు సుఖ మియ్యగోరుదురు; పెద్దలు తమ వలన ఒక పని కావలెనని కోరుదురు. రెండును ప్రేమయే యైనను రెండును ఒకటి కావని మేము నలువది దినములలో గ్రహించితిమి. అక్కకు ఆగష్టులో ఆడశిశువు కలిగినది. అనుమతించిన ఆఱునెలలును నిండువఱకు నాయనమ్మ అచ్చటనే యుండెను. మాకు ప్రొద్దుపొడుచునప్పటికి అచ్చట సాయంకాలము. అప్పుడామె ఫోను చేసి మొదట వాన సంగతి యడిగెడిది. తాతగారు వాన సంగతి చెప్పి, గోడకు నీరు పెట్టుచున్నారా యని అడిగెడివారు.