తోడివారి కన్ను

ఎవరి వీపు వారికి గనబడదని సామెత. వీపుమాట యటుండనిండు, మూడు మాసములు కన్నులయెదుట నిలుపుకొన్న పటమునందు గూడ మన తప్పు మనకు గనబడదని మాకు స్వానుభవమున దెలిసినది.

మా మేనత్త చిన్నతనముననే భర్తను గోల్పోయినది. పుట్టినింట నొక మూల గూర్చుండుటకు సమ్మతింపక, పట్టుబట్టి చదువుకొని, పంతులమ్మయై, ముప్పది యేండ్లు బాలికలకు లెక్కలు చెప్పినది. ఆమె గతించిన పిమ్మట పాఠశాలవారు తమ గ్రంథాలయపు గదిలో నుంచుటకు ఆమె పటమొకటి కావలెననిరి. మేము చిత్రలేఖనమే వృత్తిగా గలవారము గాము. సెలవుదినములలో కుంచె పట్టువారము. అయినను ఈ పనిని పరులకు విడుచుటకు మనసొప్పలేదు. ఒక పాత ఛాయాచిత్రమును, మా జ్ఞాపకమును ఆధారముగా గొని తైలవర్ణములతో వ్రాయ నారంభించితిమి.

పటము ముగిసిననాడు ఇంటిల్లిపాదియు మెచ్చుకొనిరి. “అత్తయ్యగారు లక్ష్మీదేవివలె నున్నారు” అని మా వదినగారనిరి. మాకును సంతోషమే. కాని పటము నెదుట నిలిచినపుడెల్ల నేదో కొఱత తోచుచుండెను. అందుచేత నొక ఆదివారమున చిత్రకారులగు మిత్రులు ముగ్గురిని బిలిచి, పటమును వెలుతురున నిలిపి, “ఎట్లున్నది?” అని యడిగితిమి.

“బాగుగనే యున్నది” అని ముగ్గురు ననిరి. వారిలో పెద్దవాడు నవ్వి, “ఎట్లున్నదని యడిగినచో బాగున్నదనుటయే మర్యాద. ఎక్కడ నమ్మబుద్ధి పుట్టలేదని యడుగుడు, చెప్పెదము” అనెను. మేమట్లే యడిగితిమి.

ఆయన అద్దము తెప్పించి పటము నందు జూపెను. కుడియెడమలు తాఱుమాఱైనంతనే, ఒక కన్ను రెండవదానికన్న గోధుమగింజంత పైకి బోయినట్లును, దవడ యొక ప్రక్కకు జాఱినట్లును స్పష్టముగా గనబడెను. ఈ యుపాయము క్రొత్తది గాదు. చిత్రకారుడు తన పనిని తఱచుగా అద్దమున జూచుకొనవలెననియు, అది యప్పుడు పరుని పనివలె దోచుననియు లియోనార్డో డా విన్సీ (1452–1519) ఏనాడో వ్రాసి యుంచెను. రెండవ మిత్రుడు ముఖము చుట్టును గల అంచును వ్రేలితో జూపి, “కాగితము కత్తిరించి యంటించినట్లున్నది. నీడవైపు అంచును వెనుకటి చీకటిలో గలిసిపోనిండు. కంటి తెలుపును తగ్గింపుడు, దానిపై ఱెప్పనీడ పడునుగదా” అనెను. ఇవి యన్నియు మాకు నచ్చినవి.

మూడవయామె వయస్సున అందఱికన్న చిన్నది. ఛాయాచిత్రమును చేత బట్టుకొని చాలసేపు మాటాడలేదు. తుదకు, “మీ మేనత్తగారి మేనిరంగెట్టిది?” అని యడిగెను. “చామనచాయ” అంటిమి. “ఇందులో నింకను నల్లగా నున్నారే?” అనెను. “అవును, నలుపే.” “అట్లయిన ఈ పటములో నున్నదెవరు?”

వెలుతురు పడుటచే నట్లయినదని సమర్థించుకొన జూచితిమి. ఆమె యొప్పుకొనలేదు. “వెలుగుపడినచోట్ల నెల్ల మీరు తెల్లరంగు గలిపితిరి. నల్లని చర్మముపై వెలుగట్లుండదు. నుదుట, ముక్కుకొనను చిన్న మెఱుపు తీక్ష్ణముగా నుండును. తక్కిన ముఖము తన రంగును విడువదు. తెలుపు గలిపినకొలది చర్మము సున్నపుగోడ యగును. ఇది బాలికల బడిలో వ్రేలాడవలసిన పటముగదా. నల్లని పిల్ల యొకతె యిది చూచి, ఇంత చదివిన పంతులమ్మకైనను గౌరవము కావలెనన్న తెల్లబడక తప్పలేదని తలపదా?”

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మేము బుద్ధిపూర్వకముగా చేసినది కాదు. అదియే మమ్ము మఱింత బాధించినది. పిల్ల నలుపని సంబంధములు తప్పిపోవుటను మేము సభలలో ఖండించినవారమే. నాలుక నేర్చినదానిని చేయి నేర్వలేదు. రవివర్మ 1894లో ముద్రణశాలను నెలకొల్పిన పిమ్మట దేవతల పటములు ఇంటింటికిని చేరినవి. ఆ గోడలక్రింద బెరిగిన మా చేతికి పూజ్యతయన్నను పసిమియన్నను ఒక్కటే యయినవి. “చామనచాయ” యను మాటయు అట్టి తెల్లరంగే గదా!

దిద్దుట యొక్కదినమున దీఱలేదు. అవిసెనూనె నీరువలె ఆవిరియై యాఱునది గాదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడును. అడుగుపొరకన్న పైపొరలో నూనె యెక్కువగా నుండనిచో కాలక్రమమున బీటలు వాఱును. కావున దళసరిగా నున్న తెలుపును కత్తితో గోకి, ఒక్కొక్క పొరకును దినములకొలది వేచియుంటిమి. బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరీను గలిపి, కొంచెము పచ్చమట్టిరంగు చేర్చి ముఖము తిరిగి వ్రాసితిమి. కిటికీనుండి వచ్చు ఆకాశపు నీలము కణతపై నొకింత నిలిచెను. చీరను మేము తాకనేలేదు; అయినను ముఖము నల్లనగుటతోడనే ఆ తెల్లచీర మునుపటికన్న వెలుగొందెను.

వారి మాటలన్నియు మేము స్వీకరింపలేదు. దారముతో గట్టిన కళ్లజోటి కొమ్మ చూపును మఱల్చుచున్నది గాన తీసివేయుమని పెద్ద మిత్రుడనెను. పటముమాట కది నిజము కావచ్చును. కాని ఆమె క్రొత్త జోడు కొనక యా డబ్బుతో నొక శిష్యురాలికి పుస్తకములు కొనిపెట్టుట మేమెఱుగుదుము, ఆయన యెఱుగడు. గ్రీసుదేశపు అపెల్లెస్, చెప్పులు కుట్టువాడు చెప్పుపట్టెలోని తప్పు చూపగా దిద్దుకొని, మఱునాడతడు కాలిని గూడ విమర్శింపగా నొప్పుకొనలేదని ప్లినీ చెప్పిన కథ. ఎవరికేది తెలియునో యెఱిగి వినుటయు నేర్వవలసిన విద్యయే.

చిత్రకారుడు ఏకాంతవాసి యందురు. కాని 1897లో బుట్టి 1925లోనే గతించిన దామెర్ల రామారావు సైతము రాజమహేంద్రవరమున తోడివారిని గూర్చుకొని చిత్రకళాశాల నడపెను. ఏకాంతమున చేయి సాగును. కన్ను తెఱచుటకు మాత్రము తోడివారు కావలెను. ఇంటివారు మనపై ప్రేమచే మెచ్చుకొందురు. పనిపై ప్రేమగలవారే ఈమె యెవరని యడుగుదురు.

పటమును బడికి బంపుటకు ముందు ఇంటివారికి జూపితిమి. “మునుపటిదే అందముగా నుండెను” అని వదినగారనిరి. మేము బదులు చెప్పలేదు. ఆమె మఱికొంతసేపు పటము నెదుట నిలిచి, మేనత్త బ్రతికియున్న దినములలో వలెనే, తెలియకయే జాఱిన కొంగును సవరించుకొనిరి.