నల్లదుస్తుల సంచిక

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసినవాళ్లకి 'క్రాసోవర్' అనే మాట విడమరిచి చెప్పక్కర్లేదు. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల నుంచి పదకొండు మంది రుద్రులు ప్రభల మీద ఊరేగి వచ్చి, మొసలపల్లి శివారు కొబ్బరితోటలో కొలువుతీరతారు. వ్యాఘ్రేశ్వరుడు రాగానే మిగతా ప్రభల్ని ఒక్కసారి పైకి లేపుతారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలైతే పచ్చటి వరిచేల మీదుగా, కౌశిక దాటుకుని వస్తాయి. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా కదిలింది ఈ తీర్థమే. తిరిగొచ్చినవాళ్లని కదిపి చూడండి. గంగలకుర్రువాళ్లు కౌశికలో దిగడం గురించే చెబుతారు. మొసలపల్లివాళ్లకి ఇంటికొచ్చిన చుట్టాల హడావుడి. ఎవరి ఊరి కథ వాళ్లదే. అన్నీ కలిపి వింటేనే తీర్థం.

అమెరికాలో బొమ్మల కథల పుస్తకాలవాళ్లు కూడా ఇదే పని చేశారు. కాకపోతే భక్తితో కాదు, వ్యాపారం కోసం. మార్వెల్ వీరుల ఆటబొమ్మలు తయారుచేయడానికి మాట్టెల్ కంపెనీ ముందుకొచ్చి, వాటికి తోడుగా వీరులంతా ఒకచోట చేరే కథ ఒకటి కావాలంది. 'సీక్రెట్' అన్నా, 'వార్స్' అన్నా పిల్లలు చెవులు రిక్కిస్తున్నారని తెలుసుకుని, ఆ రెండూ కలిపి పేరు పెట్టేశారు. అలా 1984లో 'సీక్రెట్ వార్స్' మొదలైంది. జిమ్ షూటర్ రాశాడు. పన్నెండు నెలలు, పన్నెండు సంచికలు.

అందులో ఒక కిటుకుంది. స్పైడర్‌మ్యాన్, హల్క్, థోర్, కెప్టెన్ అమెరికా వీళ్లంతా ఎవరి నెలవారీ పుస్తకంలో వాళ్లు బతికేవాళ్లు. ఒక నెల అందరూ న్యూయార్క్ సెంట్రల్ పార్కులో వెలసిన వింత కట్టడంలోకి అడుగుపెట్టి మాయమయ్యారు. మరుసటి నెలకల్లా తిరిగొచ్చేశారు. 'ఫెంటాస్టిక్ ఫోర్' నలుగురిలో థింగ్ మాత్రం రాలేదు, అతని చోట షీ-హల్క్ వచ్చింది. ఎర్రా నీలం దుస్తుల్లో వెళ్లిన స్పైడర్‌మ్యాన్ నల్లటి దుస్తుల్లో, గుండెల మీద పెద్ద తెల్ల సాలీడుతో దిగాడు. అది 1984 మే నాటి 'అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' 252వ సంచిక. ఆ నల్లదుస్తులు ఎక్కడివో తెలియాలంటే డిసెంబరులో వచ్చే 'సీక్రెట్ వార్స్' ఎనిమిదో సంచిక దాకా ఆగాలి. ఇలాంటి సంచికల్ని 'టై-ఇన్' అంటారు. పెద్ద కథ ఎక్కడో జరుగుతుంటుంది, దాని తోక మాత్రం మన చేతికొస్తుంది.

ఆ తోక మా చేతికి 1990లో వచ్చింది. అదీ రాజోలు దగ్గర మా ఊరికి, కువైట్ మీదుగా.

మా మేనత్త అక్కడ ఒకరింట్లో పనికి వెళ్లింది. రాజోలు, మలికిపురం వైపు అప్పటికే వీధికొకరు గల్ఫ్‌లో ఉండేవారు. ఆ ఏడు ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిందని రేడియోలో విన్నాం. ఉత్తరాలు ఆగిపోయాయి. నాయనమ్మ అన్నం మానేసింది. జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాలు సుమారు 1,70,000 మంది భారతీయుల్ని వెనక్కి తెచ్చాయి, 488 సార్లు ఎగిరి. ఆ లెక్కలు తర్వాతెప్పుడో చదివాను. అప్పుడు మాకు కావలసింది ఒక్క మనిషి కబురు. అత్త అక్టోబరులో వచ్చింది. బొంబాయి నుంచి రైల్లో రాజమండ్రి, అక్కణ్నుంచి రావులపాలెం మీదుగా బస్సు. సంచిలో రెండు చీరలు, అక్కడి ఆడవాళ్లు పైన వేసుకునే నల్లటి అబాయా, ఈ పుస్తకం. ఆ ఇంటి కుర్రాడు పారేసిందట. పాస్‌పోర్టు నలగకుండా మధ్యలో పెట్టుకుంది. చేతులకి మాత్రం గాజుల్లేవు.

"ఏం చూశావత్తా?" అంటే, "ఏముందిరా, ఇసక" అనేది.

నేను ఎనిమిదో తరగతి. శంకరనారాయణ డిక్షనరీ పక్కన పెట్టుకుని పుస్తకమంతా కూడబలుక్కున్నాను. అట్ట మీద ధర 60 సెంట్లు. కథ అర్థమైంది కానీ ఆ నల్లదుస్తులు ఎక్కడివో లోపలెక్కడా లేదు. అమలాపురంలో పాత పుస్తకాలమ్మే ఆయన్ని అడిగితే, "అమెరికా పుస్తకాలు మనకెక్కడొస్తాయండీ బాబూ, చందమామలున్నాయి, పట్టుకెళ్లండి" అన్నాడు. పట్టుకెళ్లాను కూడా.

అత్త కథ ముక్కలు ముక్కలుగా వచ్చింది. మరుసటి ఎండాకాలం మాగాయకి కాయలు తరుగుతూ ఒక ముక్క చెప్పింది. ఇంటివాళ్లు రాత్రికి రాత్రి కార్లో సౌదీ వెళ్లిపోయారట. కార్లో తనకి చోటు లేదు. ఆ ఇంటావిడ పాస్‌పోర్టు చేతిలో పెట్టి, తలుపు తాళం వేసుకోమని చెప్పి వెళ్లింది. ఇంకో రెండేళ్లకి ఇంకో ముక్క. బస్సులో బస్రా, బాగ్దాద్, అక్కణ్నుంచి జోర్డాన్ సరిహద్దు. ఎడారిలో గుడారాలు. లారీ మీంచి రొట్టెలు విసిరేవారట. "ముందు నిలబడితే తొక్కేత్తారు. వెనక కొసన నిలబడితే దూరంగా ఇసిరింది మన చేతిలో పడుద్ది" అని కడప వైపు ఆడవాళ్లు నేర్పారట. ఇంతే. గాజుల మాట ఎత్తితే లేచి పెరట్లోకి వెళ్లిపోయేది. అవి దారిలో పోగొట్టుకుందనే ఇంట్లో అందరి నమ్మకం. నాలుగు కాసుల బంగారం. నాయనమ్మ పోయేదాకా సాధించింది.

1998లో మలికిపురంలో ఒక పెళ్లికి వెళ్లాం. భోజనాల దగ్గర ఎవరో ఒకావిడ మా అత్తని చూసి, విస్తరి ముందు నుంచి లేచొచ్చేసి ఎంగిలి చేత్తోనే వాటేసుకుంది. కువైట్‌లో పక్కవీధిలో పనిచేసేదట. అప్పుడామెకి ఏడో నెల. జీతం చేతికి రాలేదు, బస్సుకి డబ్బుల్లేవు. "నాలుగు గాజులమ్మి ఇద్దరి చార్జీలూ తనే కట్టింది. నా దగ్గర వద్దనుకుని ఉంటే నేనక్కడే ఉండిపోయేదాన్ని" అంది. కాస్త దూరంలో వడ్డిస్తున్న కుర్రాణ్ని పిలిచి అత్త కాళ్లకి దండం పెట్టించింది. ఏడేళ్ల పిల్లాడు.

మా అత్త కథలో అసలు పేజీ మా ఇంట్లో లేదు. ఎనిమిదేళ్లుగా మలికిపురంలో ఉంది. నేను అమలాపురంలో వెతుకుతున్నాను.

స్పైడర్‌మ్యాన్ పేజీ ఇంకా నాలుగేళ్లకి, హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికింది. పన్నెండు సంచికలూ కలిపి కుట్టిన పుస్తకం. తీరా చూస్తే ఏముంది? వేరే గ్రహంలో యుద్ధం. బట్టలు చిరిగాయి. థోర్, హల్క్ బట్టలు చేసే యంత్రం ఎటుందో చెప్పారు. ఇతగాడు వేరే యంత్రం ముందు నిలబడ్డాడు. నల్లటి బంతి ఒకటి దొర్లి ఒంటికి పాకింది. పన్నెండేళ్లు ఎదురుచూసింది దీనికా అనిపించింది. అసలు ఆ నల్లదుస్తుల ఊహ 1982లో ఒక పాఠకుడు పంపితే, 220 డాలర్లిచ్చి కొనుక్కున్నారట. నాకు గుర్తుండిపోయింది మాత్రం 258వ సంచిక సంగతి. అందులో ఆ బట్ట బట్ట కాదనీ, ప్రాణమున్నదనీ తేలుతుంది. అతను నిద్రపోతుంటే అతణ్ని వేసుకుని రాత్రంతా ఊరు తిరుగుతుంది. తెల్లారి లేచాక ఒళ్లు ఎందుకింత అలిసిందో అతనికి తెలియదు. మా అత్త కూడా ధనుర్మాసం చలికి ఆ అబాయా కప్పుకుని అరుగు మీద కూర్చునేది. రాత్రి ఏ వేళ లేచి చూసినా కూర్చునే ఉండేది.

2007లో 'స్పైడర్‌మ్యాన్ 3' తెలుగు మాటలతో వచ్చింది. తర్వాత టీవీలో వేస్తే పిల్లలతోపాటు అత్త కూడా చూసింది. సినిమాలో యుద్ధం తీసేశారు. ఆ నల్లపదార్థం ఉల్కతో పాటు వచ్చి పడుతుంది. పుస్తకంలో ఇలా కాదత్తా, వేరే గ్రహం వెళ్లొస్తాడని కథంతా చెప్పాను. కొబ్బరి కోరుతూ విన్నది.

"ఎక్కడికెళ్లొచ్చాడో ఇంట్లో ఆ పెద్దమ్మకి చెప్పాడా?"

"లేదత్తా. గుండెజబ్బు మనిషి, బెంగ పెట్టుకుంటుందని."

"అదే మంచిది" అని రెండో చిప్ప అందుకుంది.