బిగిసిన మర

కె.జి.ఎఫ్. అనగానే ఈనాటి పిల్లలకు 2018లో వచ్చిన సినిమా గుర్తుకొస్తుంది. మా ఇంట్లో మాత్రం ఆ మాట వినగానే మా మామయ్య చేతులు గుర్తుకొస్తాయి. ఆయన మారికుప్పంలో పుట్టి పెరిగి, గనుల వర్క్‌షాపులో ఇరవైరెండేళ్ళు ఫిట్టరుగా పనిచేశారు. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు చేపట్టిన ఆ గనులు ఛాంపియన్ రీఫ్ దగ్గర మూడు కిలోమీటర్లకు పైగా లోతు దిగాయి. ఆ తడికీ, వేడికీ తుప్పు పట్టి బిగిసిపోయిన నట్లనూ, మరలనూ విప్పడం మామయ్యకు రోజూ ఉండే పనే.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. మామయ్యకు అప్పుడు నలభైఆరేళ్ళు. ఇంట్లో పెళ్ళికెదిగిన కూతురు. బెంగుళూరులో లైసెన్సున్న ఒక తుపాకుల మరమ్మతు దుకాణంవారు, "నెల రోజులు చూస్తాం, పని నచ్చితే ఉంచుకుంటాం" అన్నారు. నేను అక్కడే కాలేజీలో చదువుతూ మధ్యాహ్నం ఆయనకు క్యారియరు తీసుకెళ్ళేవాణ్ణి.

మొదటి వారంలోనే పరీక్ష వచ్చింది. శ్రీనివాసపురం వైపు రైతు ఒకాయన, తండ్రి నాటి నుండి పంట కాపలాకు ఉన్న .315 బోల్టు రైఫిలు తెచ్చాడు. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో పాత లీ-ఎన్‌ఫీల్డు పద్ధతిలో చేసినది. గొట్టం లోపల తుప్పు తిని గుంటలు పడ్డాయి. కొత్త గొట్టం వేయాలంటే పాతది ఊడాలి. అదేమో ఊడనంటోంది!

ఈ గొట్టం వెనుక కొసన మరచుట్లుంటాయి. ఫ్యాక్టరీలో దాన్ని బాడీలోకి తిప్పి, గొట్టం భుజం బాడీ ముఖానికి గట్టిగా ఒత్తుకునేదాకా బిగిస్తారు. ఆపైన ఏళ్ళ తరబడి ఎండిన నూనె, తుప్పు చేరితే రెండూ ఒకటే ముక్క అన్నట్లు కూర్చుంటాయి.

మామయ్య చెక్కసామాను విప్పి, బోల్టు తీసి, మర దగ్గర పల్చని నూనె పోసి రెండు రోజులు వదిలేశారు. తర్వాత గొట్టాన్ని చెక్కదిమ్మెల మధ్య వైసులో బిగించారు. జారకుండా గుగ్గిలం పొడి చల్లారు. బాడీని ముందు భాగంలోనే పట్టే పెద్ద పట్టుకారు వేసి, పిడి మీద సుత్తితో ఒక్క దెబ్బ కొట్టారు. కదల్లేదు. కాస్త వెచ్చచేసి మళ్ళీ కొట్టారు. ఊఁహూఁ!

యజమాని ఓపిక అయిపోయింది. "పిడికి పొడుగు పైపు తగిలించి ఇద్దరు కుర్రాళ్ళను లాగమనండి" అన్నాడు.

"వద్దు సార్, బాడీ మెలిపడుతుంది" అన్నారు మామయ్య. నాకు గుండె దడదడలాడింది. కొత్త ఉద్యోగంలో యజమానికి ఎదురు చెప్పడమా! ఆయన నా వైపు తిరిగి, "చూడు అబ్బీ, గొట్టం ఎట్లా పోయేదే. బాడీ మిగలాల. నంబరు దాని మీదుంది, లైసెన్సులో రాసిందీ ఆ నంబరే. అది పోతే ఆ రైతుకు చేతిలో కాగితమే మిగిలేది" అన్నారు.

ఆ మాట యజమానికీ వినబడింది. ఏమనుకున్నాడో, లేతు వైపు చెయ్యి చూపించాడు. మామయ్య బాడీ ముఖానికి ఆనుకుని ఉన్న గొట్టం భుజంలో చుట్టూ సన్నని గాడి కోశారు. బాడీకి పనిముట్టు తగలనివ్వలేదు. ఒత్తిడంతా ఆ భుజం దగ్గరే కదా, అది తెగితే మర వదులవుతుంది. మళ్ళీ వైసులో బిగించి ఒక్క దెబ్బ కొట్టారు. "టక్" మంది. ఆ తర్వాత చేత్తో తిప్పితేనే వచ్చేసింది. బాడీ మీద గీత కూడా పడలేదు. యజమాని ఏమీ అనలేదు గానీ, నెల పూర్తి కాకుండానే జీతం ఖాయం చేశాడు. మరుసటి ఏడు మా మరదలి పెళ్ళి ఆ జీతంతోనే జరిగింది.

ఏది వదులుకోవాలో, ఏది కాపాడుకోవాలో ముందు తేల్చుకున్నాకే బలం చూపించాలని ఆ రోజు నాకు అర్థమైంది. గనులు పోయాయి, పనితనం మిగిలింది. పొట్టకూటికి ఊళ్ళు దాటిన మన తెలుగు కుటుంబాలలో ఇలాంటి చేతులున్న పెద్దలు ఎంతోమంది ఉంటారు. ఈ సెలవుల్లో పిల్లలను వారి పక్కన కూర్చోబెట్టండి. "తాతా, నువ్వేం పని చేసేవాడివి?" అని అడగమనండి. జవాబు ఒక్క మాటతో అయిపోదు!