శివారు వోల్టేజీ

కరెంటు డిపార్ట్‌మెంట్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైనవాడికి ఒక సుఖం ఉంటుంది. అర్ధరాత్రి ఫోన్ చేసి తిట్టేవాళ్లు ఉండరు. ఒక కష్టమూ ఉంటుంది. చుట్టాలిళ్లలో ఏ వస్తువు చెడిపోయినా 'మీ కరెంటు వల్లే' అంటారు. మిక్సీ కాలితే మా తప్పే. ఫ్రిజ్‌లో పెరుగు పులిసినా మా తప్పే. నేను పదవిలో లేను కదా అన్నా వినరు. ఈమధ్య ఆ జాబితాలోకి అరచేతిలో పట్టే కంప్యూటర్ కూడా ఒకటి చేరింది.

దాని పేరు రాస్ప్‌బెర్రీ పై. పిల్లలకు ప్రోగ్రాములు రాయడం నేర్పాలనే ఉద్దేశంతో ఇంగ్లండులోని కేంబ్రిడ్జివాళ్లు తయారుచేసి, 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి పెట్టారు. చూడ్డానికి ఏటీఎం కార్డంత పచ్చ బోర్డు. ప్రాసెసరు, మెమరీ, సాకెట్లు అన్నీ దాని మీదే. లోపల హార్డ్‌డిస్కు ఉండదు, ఫోన్లో వేసుకునే మెమరీ కార్డు మీదే నడుస్తుంది. చప్పుడు చేయదు. రాత్రీపగలూ వదిలేసినా కరెంటు బిల్లులో తేడా కనిపించదు. అందుకే దీన్ని చాలామంది ఓ మూలన పెట్టి చిన్న సర్వరుగా వాడుకుంటారు. అంటే దానికి తెర ఉండదు, కీబోర్డు ఉండదు. నలుగురూ వైఫై ద్వారా అందులో ఉన్నవి చూసుకుంటారు.

దివిసీమలో ఓ హైస్కూల్లో తెలుగు చెప్పే మా మేనకోడలు అలాంటిది ఒకటి తన జీతంలోంచి కొంది. త్రీ బీ ప్లస్ అనే రకం. ఇంటర్నెట్ లేకపోయినా తెలుగు వికీపీడియా చదువుకునే వీలు కల్పించే కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అందులో వేసింది. ఓ పోర్టబుల్ హార్డ్‌డిస్కు తగిలించి పాఠాల వీడియోలు పెట్టింది. అక్కడితో ఆగినా ఈ కథ లేదు. తొమ్మిదో తరగతి పిల్లలను ఊళ్లోకి పంపించి, పెద్దవాళ్ల చేత మాట్లాడించి రికార్డు చేయించింది. ఊడ్పుల పాటలు, చేపల వేట కబుర్లు, అన్నిటికన్నా ముఖ్యంగా 1977 నవంబరు 19 ఉప్పెన. ఆ రాత్రి చూసినవాళ్లు ఇప్పుడు ఎంతమంది మిగిలారు చెప్పండి!

ఆ డబ్బా మూడు నెలల్లో మూడుసార్లు పడిపోయింది. మూడుసార్లూ మెమరీ కార్డే పాడైంది. కార్డు మార్చడం, మళ్లీ అన్నీ ఎక్కించడం, మళ్లీ పోవడం. మొదటి రెండుసార్లు పోయినవాటికి నకళ్లున్నాయి. మూడోసారి మాత్రం ఆ వారం రికార్డు చేసిన నాలుగు పోయాయి. అందులో ఒకటి ఉప్పెన గురించి ఓ ముసలమ్మ చెప్పింది. పిల్లలు మళ్లీ వెళ్లి అడిగేలోపే ఆవిడ కన్నుమూసింది.

"మామయ్యా, మీ కరెంటు వల్లే అంటున్నారు ఇక్కడ" అంది ఫోన్లో.

"ఎవరన్నారే?"

"మా హెడ్‌మాస్టరు గారు. స్టెబిలైజర్ కొందామంటున్నారు. అదీ కుదరకపోతే బీరువాలో పెట్టేయమన్నారు."

డిపార్ట్‌మెంట్ పరువు సంగతి అలా ఉంచి, పిల్లల కష్టం బీరువాలోకి పోతుందంటే మనసొప్పలేదు. మల్టీమీటరు, యూఎస్‌బీ వైరు మధ్యలో తగిలించే చిన్న మీటరు సంచిలో వేసుకుని అవనిగడ్డ బస్సెక్కాను.

ముందుగా స్టెబిలైజర్ సంగతి తేల్చాలి. ఆ డబ్బాకి కరెంటిచ్చేది మామూలు ఫోన్ చార్జరే. మీ ఇంట్లో చార్జర్ తీసి వెనక్కి తిప్పి చూడండి, 'ఇన్‌పుట్ 100-240' అని చీమల్లాంటి అక్షరాల్లో ఉంటుంది. మన ఇళ్లకు రావాల్సింది 230 వోల్టులు. లో వోల్టేజీ వచ్చి అది 170కి దిగిందనుకోండి. ట్యూబులైటు మినుకుమంటుంది, ఫ్రిజ్ మూలుగుతుంది. చార్జర్‌కి మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండదు, అటువైపు తన 5 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. ఈ మాట చెబితే హెడ్‌మాస్టరు గారు కాస్త నిరాశపడ్డారు. కొటేషన్ కూడా తెప్పించారట పాపం.

మరి కార్డు ఎందుకు పోతోంది? గుమాస్తా పద్దు రాస్తుండగా దీపం ఆరిపోయిందనుకోండి. రాస్తున్న అంకె సగంలో ఆగుతుంది, చేయి తగిలి పక్క పద్దు మీద సిరా కూడా ఒలకొచ్చు. తెల్లారి చూసినవాళ్లు పుస్తకం మంచిది కాదంటారు. కంప్యూటర్ కార్డు మీద రాస్తుండగా కరెంటు ఒక్క క్షణం తగ్గి అది మళ్లీ మొదలైతే జరిగేది ఇదే. దెబ్బ కనిపించేది కార్డు మీద, తగిలింది వేరేచోట. ఈ చిన్న కంప్యూటర్లతో తిప్పలు పడేవాళ్లలో చాలామంది కార్డులు మార్చీ మార్చీ విసిగిపోయేది ఇందుకే.

నిజానికి ఆ బోర్డు నోరు లేనిదేం కాదు. తనకు వచ్చే వోల్టేజీ సుమారు 4.63 కన్నా దిగితే గుర్తుపట్టే ఏర్పాటు దానిలోనే ఉంది. అప్పుడు బోర్డు మీది ఎర్రదీపం ఆరిపోతుంది. తెర తగిలించి ఉంటే ఓ మూల పసుపుపచ్చ మెరుపు గుర్తు వస్తుంది. కానీ సర్వరుకు తెర ఉండదు కదా! పైగా మా వాళ్లు దుమ్ము పడకుండా దాన్ని స్వీట్ల డబ్బాలో పెట్టి మూత వేశారు. ఎర్రదీపం ఎన్నిసార్లు ఆరి వెలిగిందో ఆ డబ్బాకే తెలియాలి.

అయితే అది చిట్టా కూడా రాసుకుంటుంది. మా మేనకోడలు ల్యాప్‌టాప్‌లోంచి దానిలోకి వెళ్లి 'వీసీజెన్‌సీఎండీ గెట్ థ్రాటిల్డ్' అని కొట్టింది. సున్నా ఎక్స్ 50000 అని జవాబొచ్చింది. మొదట నాకేం అర్థం కాలేదు, తనే చెప్పింది. ఒట్టి సున్నా వస్తే అంతా క్షేమం. ఎడమవైపు 5 ఉంటే, స్విచ్ వేసినప్పటి నుంచి ఎప్పుడో ఒకప్పుడు వోల్టేజీ దిగిందని, బోర్డు తన వేగం తగ్గించుకుందని. కుడివైపు చివర కూడా 5 వచ్చి 50005 అయితే, ఈ క్షణంలోనే దిగి ఉందని. మా సబ్‌స్టేషన్ లాగ్ బుక్కులో ట్రిప్పింగులు రాసినట్టే. అంత చిన్న బోర్డు ఇంత పద్ధతిగా ఉంటుందని నేననుకోలేదు.

ఇంకో చోట టైముతో సహా ఉంది, 'అండర్ వోల్టేజ్ డిటెక్టెడ్' అని. మొత్తం పదకొండు ఉంటే, తొమ్మిది పిల్లలు వీడియో పెట్టుకునే వేళల్లోనే. ఎవరూ చూడనప్పుడు హార్డ్‌డిస్కు నిద్రపోతుంది. ఎవరో ఓ కుర్రాడు వీడియో నొక్కగానే లేచి తిరగడం మొదలుపెడుతుంది. మోటారు ఏదైనా బయల్దేరేటప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది. పొలంలో పంపుసెట్టు వేసినప్పుడు ఇంట్లో బల్బు ఒక్కసారి డల్ అవడం మన రైతులందరికీ తెలుసు. ఇది దానికి మనవడు.

ఇక మీటర్ల వంతు. బోర్డు మీద రెండు వరసల్లో పిన్నులుంటాయి. రెండో పిన్ను 5 వోల్టులది, ఆరోది ఎర్త్ లాంటిది. జాగ్రత్తగా, పక్క పిన్నుకి తగలకుండా మల్టీమీటరు పెట్టాను. 4.86. చార్జర్ దగ్గర పెట్టిన చిన్న మీటరు 5.1 వోల్టులు, అర ఆంపియరు చూపిస్తోంది. ఓ పిల్లాణ్ని వీడియో పెట్టమన్నాను. మల్టీమీటరు 4.7 దాకా వెళ్లి మళ్లీ పైకి వచ్చేసింది. చిట్టాలో మాత్రం కొత్త పద్దు పడింది, 4.63 కన్నా దిగిందని.

"మీ మీటరు కరెక్టా, దీని లెక్క కరెక్టా?" అన్నారు హెడ్‌మాస్టరు గారు.

రెండూ కరెక్టే. మామూలు మల్టీమీటరు సెకనుకి రెండు మూడుసార్లే చూసి అంకె వేస్తుంది. మధ్యలో రెప్పపాటు కాలం పడిపోయి లేస్తే దానికి చిక్కదు. బోర్డుకు చిక్కుతుంది, ఎందుకంటే దెబ్బ తినేది అదే. మీటరు బాగానే చూపిస్తోంది కదా అని వదిలేసి ఉంటే నాలుగో కార్డు కూడా కొనేవాళ్లు.

చార్జర్ దగ్గర 5.1 ఉంది, బోర్డు దగ్గరకు వచ్చేసరికి తగ్గిపోతోంది. మధ్యలో ఉన్నది ఒక్క వైరే. మీటరు పొడుగు, తొడుగు మీద 28 గేజీ అని అచ్చు. గేజీ అంకె పెరిగేకొద్దీ రాగి సన్నబడుతుంది, ఈ తలకిందుల లెక్క ఎవరు పెట్టారో గానీ. 28 గేజీ రాగి తీగకు మీటరుకి 0.21 ఓములు. పోయే తీగ, వచ్చే తీగ కలిపితే 0.42. అర ఆంపియరు పారితే 0.21 వోల్టు వైరులోనే తరుగు. హార్డ్‌డిస్కు లేచేటప్పుడు ఒకటిన్నర ఆంపియరు దాకా వెళ్తే 0.63 తరుగు. 5.1లోంచి తీసేయండి. 4.47. ఓమ్ గారి సూత్రం పదో తరగతిలోనే ఉంది. ఆ లెక్క బోర్డు మీద పిల్లల చేతే వేయించాను.

దివిసీమ పిల్లలకు దీన్ని ఇంకా తేలిగ్గా చెప్పొచ్చు. కాలువ తల దగ్గర నీళ్లు నిండుగా ఉంటాయి. శివారు పొలానికి చేరేసరికి అడుగంటుతాయి. పైవాళ్లందరూ ఒకేసారి తూములెత్తితే ఇక చెప్పేదేముంది! మా లైన్ల సంగతీ అంతే. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర బ్రహ్మాండంగా ఉండే వోల్టేజీ, సన్న తీగ మీద చివరి స్తంభం చేరేసరికి సొమ్మసిల్లుతుంది. అందుకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పంపుసెట్ల దగ్గరి దాకా 11 కేవీ లైను తీసుకెళ్లి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టే పద్ధతి తెచ్చారు. మీటరు పొడుగు వైరులో కూడా ఓ శివారు ఉంటుందని మాత్రం నేనూ ఇన్నాళ్లూ ఆలోచించలేదు.

మరి అదే వైరుతో ఫోన్ చక్కగా చార్జ్ అవుతోందే అన్నాడో కుర్రాడు. మంచి ప్రశ్న. ఫోన్‌లో బ్యాటరీ ఉంది. వోల్టేజీ తగ్గితే ఇంకో గంట ఆలస్యంగా నిండుతుంది, అంతే. ఈ బోర్డుకు నిల్వ గాదె లేదు. వచ్చింది వచ్చినట్టే తినాలి.

అయినా లెక్క కుదిరిందని నమ్మేయకూడదు. చార్జర్, వైరు, కార్డు అన్నీ ఒకేసారి మార్చేద్దామన్నారు అందరూ. అలా మారిస్తే బాగుపడొచ్చేమో గానీ, జబ్బేదో తెలియదు. చార్జర్ అదే ఉంచి వైరు ఒక్కటే మార్చాం. అర మీటరుది, 20 గేజీది. హార్డ్‌డిస్కు లేచినప్పుడు దీనిలో తరుగు 0.05 వోల్టు. మూడు రోజులు వీడియోలు పెట్టి చూశాం. జవాబు ఒట్టి సున్నా. అప్పుడు పాత వైరు మళ్లీ పెట్టించాను. మా మేనకోడలు గుండె పట్టుకుంది. కార్డు తీయించి, దాని బదులు ఏమీ లేని పాత కార్డు వేశాకే పెట్టాంలెండి. పావుగంటలో 50005. ఇక అనుమానం లేదు.

ఈ బోర్డుల కరెంటు గొడవలు అన్నీ ఇంత సూటిగా తేలవు. 2015లో ఈ జాతిలోనే రెండో తరం బోర్డు, ఎవరైనా ఫ్లాష్‌తో ఫొటో తీస్తే టపీమని ఆగిపోయేదట! కరెంటును అదుపుచేసే ఓ బుల్లి చిప్పు మీద ఫ్లాష్ వెలుగు పడి అది తికమకపడేదని తయారుచేసినవాళ్లే తేల్చారు. 2019లో వచ్చిన నాలుగో తరానికి కొన్ని ఖరీదైన వైర్లతో అసలు కరెంటే ఎక్కేది కాదు, సాకెట్‌లో ఓ రెసిస్టరు తక్కువ పెట్టినందుకు. తర్వాత సరిచేశారు. 2023లో వచ్చిన ఐదో తరం 5 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు కావాలంటుంది. 65 వాట్ల ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టాం కదా అనుకుంటే, అలాంటివి ఎక్కువగా 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లే ఇస్తాయి. డబ్బా మీది పెద్ద అంకె చూసి మోసపోకూడదు.

అసలు కరెంటే పోతే ఏం చేయాలన్నది వేరే సంగతి, దానికి ఓ చిన్న యూపీఎస్ పెట్టించాం. స్టెబిలైజర్ డబ్బులో సగం కూడా కాలేదు. స్వీట్ల డబ్బా మూత తీయించాను. రోజూ బడి వదిలేముందు ఆ రోజు రికార్డులను రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించే పని ఇద్దరు పిల్లలకు అప్పగించింది మా మేనకోడలు. వైరుకు కాగితం చుట్టి 'దీన్ని ఫోన్‌కి వాడరాదు' అని రాసిపెట్టారు. ఆ అక్షరాలు చూస్తే హెడ్‌మాస్టరు గారివే అనిపించింది.

పోయిన నాలుగు రికార్డుల్లో మూడు మళ్లీ చేశారు. నాలుగోదాని కోసం ఆ ముసలమ్మ కూతురింటికి వెళ్లారు. ఉప్పెన నాటికి ఆవిడకి రెండేళ్లు. తనకేం గుర్తులేదని, అమ్మ చెబితే విన్నదే చెప్పగలనని అంది. పదకొండు నిమిషాలు చెప్పింది. మధ్యలో రెండుచోట్ల ఆగి, "ఇక్కడ అమ్మ ఇంకేదో చెప్పేది" అంది. పిల్లలు ఆ ఆగిన చోట్లు కత్తిరించకుండా అలాగే ఉంచారు.