చిరుత మీద చదువా?

పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

నేను మల్కాపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ మూడో సంవత్సరం జువాలజీ చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. రాత్రి మేడెక్కితే రిఫైనరీ మంట కనిపిస్తుంది. మా అమ్మానాన్నలకి వైజాగ్ ఉద్యోగం అంటే అదే. గేటు, యూనిఫాం, నెల జీతం. సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు, డిగ్రీ అయ్యాక పులులు, చిరుతల మీద చదువుకి వెళ్తానని చెప్పాను. నాన్న అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు.

"మన పెయ్యని తిన్నదేటో మర్చిపోయావేట్రా?"

మర్చిపోలేదు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా కొండ మీద చంపేసింది. పరిహారం అడగొచ్చని కూడా అప్పుడు మాకెవరికీ తెలీదు. తాత అక్కడ వంగి మట్టి చూశాడు. "రేసుకుక్కలు కాదు, చిరుతే. గొంతు పట్టింది చూడు. అడుగులో గోరు దిగలేదు" అన్నాడు. తాతకి సంతకం రాదు. కిందటేడు క్లాసులో మేడమ్ అదే చెప్పారు, పిల్లి జాతి జాడలో గోళ్ళు పడవు, కుక్క జాతిలో పడతాయని. అందరూ రాసుకున్నారు. నేను రాసుకోలేదు. కాలేజీలో నాకు ముందే తెలిసిన పాఠం అదొక్కటే మరి!

పులుల లెక్క ఎలా తీస్తారో చదివాక ఇంకా ఆశ్చర్యపోయాను. ఒకప్పుడు అడుగుజాడల అచ్చులు చూసే లెక్కపెట్టేవారు. 2005లో రాజస్థాన్ సరిస్కాలో ఒక్క పులీ మిగల్లేదని బయటపడ్డాక ఆ పద్ధతి వదిలేశారు. ఇప్పుడు నాలుగేళ్ళకోసారి దేశమంతా లెక్క తీస్తారు. దారుల్లో కెమెరాలు కడతారు, ఏ పులి చారలు ఆ పులివే కాబట్టి ఫొటోలు పోల్చి గుర్తుపడతారు. హైదరాబాద్ లాకోన్స్ లాంటి ల్యాబుల్లో పెంటలోంచి డీఎన్ఏ తీస్తారు. కానీ కెమెరా ఏ చెట్టుకి కట్టాలి? అది జాడ చదివేవాడే చెప్పాలి. నల్లమలలో ప్రొటెక్షన్ వాచర్లుగా చెంచు అన్నలు ముందు నడుస్తారు. రిపోర్టు మీద పేర్లు మాత్రం వెనక నడిచినవాళ్ళవి. నాకు కడుపు మండేది ఇక్కడే.

2022 గుర్తుందా? మే నెలలో ప్రత్తిపాడు వైపు పెద్దపులి కనబడింది. పశువుల్ని చంపింది. బోన్లు పెట్టినా చిక్కకుండా అనకాపల్లి, విజయనగరం జిల్లాల్లోకి వచ్చేసింది. అప్లైడ్ ఎకాలజీ అంటే నాకర్థమైనంతవరకూ ఆ పనే. అది ఏ దారిన పోతుంది, మంద ఎక్కడ కట్టాలి, ఎద్దు పోయిన రైతుకి డబ్బు ఎన్ని రోజుల్లో అందాలి. పులి బొమ్మ టీషర్టు వేసుకోవడం కాదు.

మా రూమ్మేట్ ఒకడు అడిగాడు, "పులి పేరు చెప్పి మనోళ్ళని అడవిలోంచి లేపేస్తుంటే నువ్వెళ్ళి వాళ్ళలో చేరతావా?" అని. వాడు అన్నది తప్పు కాదు. గ్రామసభ ఒప్పుకోకుండా కదపకూడదని అటవీ హక్కుల చట్టం, 2006లోనే ఉంది. కానీ మీటింగులో పులుల మ్యాపు పరిచినప్పుడు, ఆ మ్యాపు చదవగలిగేవాడు మన వైపు ఒక్కడైనా ఉండొద్దా? నేను అందుకే వెళ్తానంటున్నాను.

డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎమ్మెస్సీ ఉంది. బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో రెండేళ్ళకోసారి తీసుకుంటారు. తర్వాత పీహెచ్‌డీకి ఎస్టీలకి ఏటా 750 నేషనల్ ఫెలోషిప్పులున్నాయి. నా భయమల్లా ఇంగ్లీషు, స్టాటిస్టిక్స్.

పోయిన ఆదివారం నాన్న ఫోన్ చేశాడు. వరి సంగతులన్నీ అయ్యాక మెల్లగా, "ఆ చదువుకి జీతం ఎంతొస్తాది?" అన్నాడు. మొదట్లో ప్రాజెక్టు ఉద్యోగాలే, ఏడాదికో రెండేళ్ళకో అయిపోతాయని ఉన్నమాటే చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "అలాగైతే ఫారెస్టు బీటాఫీసరు పరీక్ష కూడా రాయి" అన్నాడు.

రెండూ రాస్తాను. మన గ్రూపులో ఈ ఎంట్రన్సులు రాసినవాళ్ళుంటే కామెంట్లో చెప్పండి. ఇంటర్వ్యూలో ఇంగ్లీషు రాకపోతే హిందీలోనైనా చెప్పనిస్తారా?